కాపలాకు జీతమిస్తేనే... ప్రకృతికి రక్ష!

ఒక పక్షినో, మడ అడవినో, తాబేలునో కాపాడాలంటే ముందు ప్రేమ ఉండాలి. ఆ ప్రేమ పదేళ్లపాటు పనిచేయాలంటే మాత్రం నెలనెలా జీతాలు అందాలి, లెక్కలు పక్కాగా ఉండాలి, అద్దె కట్టగలిగే ఆఫీసు ఉండాలి. ఆ ధీమా ఇచ్చేది గ్రాంటు. సరైన చేతికి, సరైన పద్ధతిలో అందిన గ్రాంటు ఓ చిన్న సంస్థను ఎంత దూరం నడిపించగలదో చెప్పే కథనమిది.

అస్సాంలోని కామరూప్‌ జిల్లా, దాదరా గ్రామం. 2007లో అక్కడ ఒకాయన తన స్థలంలోని చెట్టును కొట్టించాడు. ఆ చెట్టు మీద హర్గిలా కొంగల గూళ్లున్నాయి. గూళ్లలో ఇంకా ఎగరడం రాని పిల్లలున్నాయి. చెట్టుతోపాటు అవీ నేలకూలాయి. ఆ పక్షుల మీదే పీహెచ్‌డీ చేస్తున్న పూర్ణిమాదేవి బర్మన్‌ ‘ఎందుకిలా చేశారు?’ అని అడిగితే జనం చుట్టూ మూగి ఎగతాళి చేశారు.

ఊరివాళ్ల కోపానికీ కారణముంది. హర్గిలా దాదాపు అయిదడుగుల ఎత్తుండే భారీ కొంగ. రెక్కలు చాపితే ఎనిమిది అడుగులుంటుంది. చచ్చిన పశువుల మాంసం, చెత్తకుప్పల్లోని ఎముకలు దాని తిండి. గూట్లోని పిల్లల కోసం తెచ్చిన మాంసం ముక్కలు జారి పెరట్లో పడతాయి. రెట్టలతో వాకిలంతా తెల్లబడుతుంది. ఆ కంపుతో అన్నం సహించదు. పైగా అది కనిపిస్తేనే అపశకునమని ఓ నమ్మకం. గూళ్లేమో అడవిలో ఉండవు, ఇళ్ల మధ్య సొంత స్థలాల్లోని పెద్ద చెట్ల మీద ఉంటాయి. చెట్టు ఉండాలా పోవాలా అన్నది ఆ ఇంటివాళ్ల చేతిలో పని. కేసులు పెట్టి ఎన్ని చెట్లను కాపాడగలరు?

పూర్ణిమ పీహెచ్‌డీని పక్కనపెట్టారు. ముందు ఊళ్లో ఆడవాళ్లతో మాట కలపాలనుకున్నారు. వంటల పోటీలు పెట్టారు. పిండివంటలు చేస్తూ కొంగల కబుర్లు చెప్పుకున్నారు. గూళ్లు కట్టే కాలంలో, కడుపుతో ఉన్న ఆడపడుచుకు చేసినట్టే ఆ పక్షులకూ సీమంతం వేడుక చేశారు. కొంగ బొమ్మలు నేసిన గమోసాలు (అస్సామీ తువ్వాళ్లు), చీరలు అమ్మి మహిళలు నాలుగు డబ్బులు సంపాదించుకునేలా మగ్గాలు, నూలు సమకూర్చారు. గూట్లోంచి జారిపడే పిల్లల కోసం చెట్ల కింద వలలు కట్టారు. 2014 నాటికి ఆ మహిళల బృందానికి ‘హర్గిలా ఆర్మీ’ అన్న పేరొచ్చింది. పక్కనపెట్టిన పీహెచ్‌డీ 2019లో గానీ పూర్తికాలేదు.

ఫలితం అంకెల్లోనే కనిపిస్తుంది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఒకప్పుడు 28 గూళ్లు ఉండేవి. 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ పూర్ణిమకు ‘ఛాంపియన్స్‌ ఆఫ్‌ ది ఎర్త్‌’ పురస్కారం ఇచ్చేనాటికి అవి 250 దాటాయి. అస్సాంలో 450 అనుకున్న కొంగలు ఇప్పుడు 1800 పైచిలుకు. 2023లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్‌) ఈ పక్షిని ‘అంతరించిపోతున్న’ జాతుల వరస నుంచి తప్పించి, ముప్పు కొంత తగ్గిన జాబితాలోకి మార్చింది. హర్గిలా ఆర్మీలో ఇప్పుడు దాదాపు 20 వేలమంది మహిళలున్నారు.

ఈ కథను ప్రేరణాత్మక గాథగా చాలామంది చెప్పారు. దీని వెనక ఇంకో కథ ఉంది. వలలు కొనడానికి, ఊరూరా తిరగడానికి, దెబ్బతిన్న పిల్లల్ని జూకు చేర్చి సాకడానికి, ఏటా గూళ్లు లెక్కించడానికి డబ్బెక్కడిది? ఒక ఊరితో మొదలైన పని అన్ని ఊళ్లకు పాకేదాకా ఆ పని చేసేవాళ్ల ఇల్లెలా గడిచింది? ప్రకృతి పరిరక్షణ గురించి మనం తక్కువగా మాట్లాడుకునే సంగతి ఇదే.

చెక్కు కన్నా ముందొచ్చే బలం

బ్రిటన్‌లో విట్లీ ఫండ్‌ ఫర్‌ నేచర్‌ అని ఓ సంస్థ ఉంది. ఆసియా, ఆఫ్రికా, లాటిన్‌ అమెరికా దేశాల్లో క్షేత్రస్థాయిలో పనిచేసే పరిరక్షకులను వెతికి ఏటా అవార్డులిస్తుంది. ‘గ్రీన్‌ ఆస్కార్‌’ అంటారు వాటిని. 2017లో పూర్ణిమకు ఆ అవార్డుతో 35 వేల పౌండ్లు వచ్చాయి. అది ఆమె సొంతానికిచ్చిన బహుమతి కాదు. ఏ పని చేస్తామని చెప్పారో ఆ పనికే ఖర్చు పెట్టాల్సిన సొమ్ము. 2024లో అదే సంస్థ ఆమెకు గోల్డ్‌ అవార్డు ఇచ్చింది. ఈసారి లక్ష పౌండ్లు, మన లెక్కలో కోటి రూపాయలకు పైమాటే. పనిని అస్సాం దాటించి బిహార్‌కీ, ఈ కొంగలు మిగిలివున్న మరో దేశం కంబోడియాకీ తీసుకెళ్లాలని, 2030 నాటికి ప్రపంచంలో ఈ పక్షుల సంఖ్యను రెట్టింపు చేసి 5 వేలకు చేర్చాలని లక్ష్యం పెట్టుకున్నారు.

ఇక్కడ గమనించాల్సింది ఆ రెండు అవార్డుల మధ్య దూరాన్ని. ఏడేళ్ల తర్వాత అదే దాత మళ్లీ, అంతకన్నా పెద్ద మొత్తంతో వచ్చాడంటే మొదటిసారి ఇచ్చిన ప్రతి పైసాకూ లెక్క దొరికింది కాబట్టే. ఆ లెక్క చెప్పగలగడమే సంస్థకు అసలైన బలం.

గ్రాంటుకు దరఖాస్తు చేసేటప్పుడు ఎవరైనా అడిగే ప్రశ్నలు ఒక్కలాగే ఉంటాయి. ఇప్పుడు ఎన్ని గూళ్లున్నాయి? మూడేళ్లకు ఎన్ని కావాలి? పెరిగాయని ఎలా తెలుస్తుంది? ఎవరు లెక్కిస్తారు? డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? ఆడిట్‌ ఎవరు చేస్తారు? చెక్కు చేతికి రాకముందే ఈ ప్రశ్నలు ఆ సంస్థను సరిదిద్దుతాయి. అప్పటిదాకా ఇద్దరు ముగ్గురి తలల్లో ఉన్న సమాచారం రిజిస్టర్లలోకి ఎక్కుతుంది. బిల్లులకు ఫైళ్లు వస్తాయి. సంతకం ఎవరిది, బాధ్యత ఎవరిది అన్నది తేలుతుంది.

పూర్ణిమ ఒంటరిగా ఈ పని చేయలేదు. గువాహటిలోని ‘ఆరణ్యక్‌’ అనే సంస్థ తరఫున చేశారు. 1989లో ఓ నేచర్‌ క్లబ్బుగా మొదలై, శాస్త్రవేత్తలు పనిచేసే పరిశోధన సంస్థగా ఎదిగింది ఆరణ్యక్‌. ప్రపంచమంతా చప్పట్లు కొట్టే ఒక మనిషి వెనక ఖాతాలు రాసే మనిషి, రిపోర్టు పంపే మనిషి, వాన కురుస్తున్నా గూళ్లు లెక్కపెట్టి వచ్చే మనిషి ఉంటారు. వాళ్లందరికీ ఒకటో తారీఖున జీతం పడితేనే ఆ పని సాగుతుంది.

కొంగలను కాపాడింది గ్రాంటు కాదు, ఆ ఊళ్ల ఆడవాళ్లు. వాళ్లు ఆ పనిలో ఏళ్ల తరబడి నిలబడేలా చేసింది మాత్రం ఓపిగ్గా వచ్చిన డబ్బే.

గోదారి నోట చేపముల్లు కాలువలు

మన దగ్గర దీనికి తిరుగులేని ఉదాహరణ గోదావరి మడ అడవులు. కాకినాడ పక్కన కోరంగి అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు. తుపాను గాలికి అడ్డం నిలబడేవీ, రొయ్యకూ పీతకూ పురుడు పోసేవీ ఆ చెట్లే. అలాంటి అడవిలో ఒకప్పుడు పెద్ద పెద్ద ఖాళీలు ఏర్పడ్డాయి. మొక్కలు నాటినా బతికేవి కావు. ఊళ్లవాళ్లు కట్టెల కోసం కొట్టుకుపోవడం వల్లే అడవి పోయిందని అందరూ వాళ్ల మీదే నింద వేసేవారు.

1990ల్లో ఇండియా-కెనడా పర్యావరణ నిధి ఇచ్చిన గ్రాంటుతో ఎం.ఎస్‌.స్వామినాథన్‌ పరిశోధన సంస్థ తమిళనాడు, ఆంధ్ర, ఒడిశా తీరాల్లో మడ అడవుల పని చేపట్టింది. మొక్కలు నాటడానికి ముందు వాళ్లు నేలను చదివారు. పూర్వం అడవిని భాగాలుగా (కూపులుగా) విడదీసి, ఓ పద్ధతి ప్రకారం చెట్లను వరసగా నరికేవారు. నీడ పోయిన నేల ఎండకు ఎండి కుంగి, నడుమ పళ్లెంలా గుంట పడింది. పోటుకు లోపలికొచ్చిన ఉప్పునీరు ఆటుకు బయటికి పోలేక అక్కడే నిలిచిపోతోంది. ఎండకు నీరు ఆవిరై ఉప్పు మిగులుతోంది. ఆ ఉప్పు పొరలో విత్తనం ఎలా మొలుస్తుంది?

దానికి మందు కాలువలు తవ్వడమే. సహజమైన పాయ నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు. పైనుంచి చూస్తే అచ్చం చేప ముల్లే. పోటుకు నీరు పిల్లకాలువల దాకా పారుతుంది, ఆటుకు అదే దారిన వెనక్కి పోతుంది. ఉప్పు కడుక్కుపోతుంది. ఆ కాలువల గట్ల వాలుమీద మడ మొక్కలు నాటారు. చుట్టుపక్కల గ్రామాల వనసంరక్షణ సమితులే తవ్వకం, నాటడం, కాపలా చూసుకున్నాయి. అడవిని కొట్టేవాళ్లని పేరు పడ్డవాళ్లే అడవిని లేపి నిలబెట్టారు.

ఆ గ్రాంటు మొక్కల్ని మాత్రమే కొని ఉంటే ఏమయ్యేది? నాటిన మొక్కలు మళ్లీ చచ్చేవి. నేలను పరీక్షించే శాస్త్రవేత్తకు, ఊళ్లో కూర్చుని జనంతో మాట్లాడే కార్యకర్తకు, తప్పు చేసి దిద్దుకోవడానికి పట్టే సమయానికి కూడా డబ్బిచ్చింది కాబట్టే ఆ పద్ధతి పుట్టింది.

ఇదే తీరంలో రెండో పాఠం కూడా ఉంది. పోటు నీటితోపాటు బురద వస్తుంది, కాలువలు పూడిపోతాయి. కొన్నేళ్లకోసారి పూడిక తీయాలి. కొత్త కాలువ తవ్వడానికి దొరికినంత తేలిగ్గా పాత కాలువ పూడిక తీయడానికి దాత దొరకడు. తవ్వినప్పుడు ఫొటోలుంటాయి, ప్రారంభోత్సవం ఉంటుంది. పూడికతీతకు ఏముంటుంది? అడవి బతికేది మాత్రం దానిమీదే.

ఆ తర్వాత ప్రపంచ పర్యావరణ నిధి, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో గోదావరి నదీముఖ ప్రాంతానికి ఓ పెద్ద ప్రాజెక్టు వచ్చింది. దానికోసం కాకినాడలో ‘ఎగ్రీ ఫౌండేషన్‌’ ఏర్పడింది. అటవీ, మత్స్య శాఖలు, పరిశ్రమలు, మత్స్యకారులు ఒక బల్ల దగ్గర కూర్చునే ఏర్పాటది. రాత్రిపూట బురదలో చేపల వేట సాగించే నీటిపిల్లుల గురించి తెలుగు జనానికి గట్టిగా తెలిసింది, కెమెరాలు పెట్టి వాటిని లెక్కించింది ఆ కాలంలోనే. 2018 గణనలో 115 నీటిపిల్లులు తేలాయి. ఉన్నాయని తెలియని జంతువు కోసం ఎవరూ కొట్లాడరు. ఆ లెక్క తేల్చడానికైన ఖర్చే రక్షణకు తొలి మెట్టు.

తాబేలు కోసం డబ్బు సమయానికి రావాలి

డబ్బు ఎంత వచ్చిందన్నదే కాదు, ఎప్పుడు వచ్చిందన్నదీ ముఖ్యమే. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరానికి ఆలివ్‌ రిడ్లీ తాబేళ్లు చలికాలం చివర్లో గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో గుంటలో వందకు పైగా గుడ్లుంటాయి. నక్కలు, కుక్కలు తవ్వేయకముందే వాటిని తీసి, కంచె వేసిన హేచరీలో అదే లోతున పాతిపెట్టాలి. ఏడెనిమిది వారాల తర్వాత పిల్లలు బయటికొచ్చే తెల్లవారుజామున వాటిని సముద్రంలో వదలాలి. ఈ పని చేసేది అటవీశాఖతో, స్వచ్ఛంద సంస్థలతో కలిసి నడిచే మత్స్యకార యువకులు. చేతిలో టార్చి, సంచి, ఓ నోటుపుస్తకం. ఏ తారీఖున, ఏ ఊరి దగ్గర, ఎన్ని గుడ్లు, ఏ గుంటలో పెట్టారు, ఎన్ని పిల్లలయ్యాయి... అన్నీ అందులో తెలుగులో రాసుకుంటారు.

ఇప్పుడు గ్రాంటు విడత సంగతి చూద్దాం. పాత విడత వినియోగ పత్రం పంపాలి, ఆడిట్‌ అవ్వాలి, పైవాళ్ల సంతకం కావాలి. ఇవన్నీ అయి డబ్బు ఏప్రిల్‌లో వస్తే సీజన్‌ అయిపోయినట్టే. జనవరిలో రాత్రంతా ఒడ్డున నడిచిన కుర్రాడికి ఆ నెల కూలి ఎవరిస్తారు? చేతిలో కొంత నిల్వ ఉన్న సంస్థ ముందుగా సర్దుతుంది. నిల్వ లేని సంస్థ ఆ కుర్రాణ్ని పోగొట్టుకుంటుంది. అతను హైదరాబాద్‌కో చెన్నైకో పనికి వెళ్లిపోతే, అతనితోపాటు ఏ ఒడ్డున తాబేలు ఎక్కడెక్కుతుందో తెలిసిన జ్ఞానమంతా వెళ్లిపోతుంది.

ఇటుకలకే డబ్బు, మేస్త్రీకి లేదు!

‘మొక్కలకిస్తాం, వలలకిస్తాం, శిబిరానికిస్తాం. జీతాలకూ ఆఫీసుకూ మాత్రం అడగొద్దు’... దాతల్లో చాలామంది మాట ఇది. ఇల్లు కట్టమని ఇటుకలకు డబ్బిచ్చి, మేస్త్రీ కూలి సంగతి మాకు తెలియదన్నట్టే ఉంటుంది. ఈ తీరు సంస్థలను ఎలా ఆకలితో మాడుస్తుందో 2009లోనే అమెరికాలో ఇద్దరు పరిశోధకులు వివరించారు. దాత తక్కువ పాలనా ఖర్చు ఆశిస్తాడు, సంస్థ తక్కువ చూపిస్తుంది, అది చూసి దాత ఇంకా తగ్గమంటాడు. చివరికి కంప్యూటర్‌ పాడైనా బాగుచేయించుకోలేని స్థితికి సంస్థ చేరుతుంది.

మన దేశంలోనూ అదే వరస. బ్రిడ్జ్‌స్పాన్‌ సంస్థ 388 స్వచ్ఛంద సంస్థలను సర్వే చేస్తే, 83 శాతం తమ పరోక్ష ఖర్చులకు నిధులు దొరక్క ఇబ్బంది పడుతున్నామన్నాయి. కరోనా ఏడాదిలో సగానికి పైగా సంస్థల దగ్గర మూడు నెలలకు సరిపడా నిల్వ కూడా లేదు. దీనికి విరుగుడుగా కొందరు దాతలు పద్ధతి మార్చారు. ఫోర్డ్‌ ఫౌండేషన్‌ ‘బిల్డ్‌’ పేరుతో వందకోట్ల డాలర్లు కేటాయించి, ఎంచుకున్న సంస్థలకు అయిదేళ్లపాటు, ఖర్చులో వెసులుబాటుతో నిధులిచ్చింది. సంస్థ తనను తాను పటిష్ఠం చేసుకోవడానికి వేరుగా సొమ్ము పెట్టింది.

మన చట్టాల చట్రం కూడా తెలుసుకోవాలి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత, విదేశీ విరాళంలో 20 శాతానికి మించి పాలనా ఖర్చులకు వాడకూడదు. అంతకుముందు అది 50 శాతం. ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని మరో చిన్న సంస్థకు పంచడానికీ వీల్లేదు. ఊళ్లో పనిచేసే చిన్న బృందాలకు పెద్ద సంస్థల ద్వారా చేరే దారి అలా మూసుకుపోయింది. ఆదాయపు పన్ను నిబంధనల ప్రకారం ధర్మ సంస్థలు ఏటి ఆదాయంలో 85 శాతం సాధారణంగా ఖర్చు చేసేయాలి. అంటే కష్టకాలానికి దాచుకునేది కొంచెమే.

అందుకే దేశంలోపలి డబ్బు ఇప్పుడు కీలకం. 2013 కంపెనీల చట్టం, సెక్షన్‌ 135 ప్రకారం రూ.5 కోట్ల నికర లాభమో, రూ.1000 కోట్ల టర్నోవరో, రూ.500 కోట్ల నికర విలువో ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. అలా ఖర్చు చేయదగ్గ పనుల జాబితాలో పర్యావరణం, వన్యప్రాణి రక్షణ స్పష్టంగా ఉన్నాయి. ప్రారంభించిన ఏడాది కాక మరో మూడేళ్లు ఒకే ప్రాజెక్టును కొనసాగించడానికీ అనుమతి ఉంది. అయినా చాలా కంపెనీలు ఒక ఏడాదికే, అదీ తమ ఫ్యాక్టరీ ప్రహరీ చుట్టూనే ఖర్చు పెడతాయి. గూడబాతులు వాలే చెట్ల పక్కన ఫ్యాక్టరీ ఉండదు. ఏడాదిలో మడ అడవి పెరగదు. ఇక్కడ చట్టం అడ్డం కాదు, అలవాటే అడ్డం.

బలపడిందని ఎలా తెలుస్తుంది?

గ్రాంటు వచ్చాక సంస్థ ఉబ్బడం వేరు, బలపడటం వేరు. కొత్త వాహనం, కొత్త బోర్డు వచ్చి, ప్రాజెక్టు ముగియగానే తలుపులకు తాళం పడితే అది బలం కాదు. దాత కొంగ అడిగితే కొంగ, సోలార్‌ అడిగితే సోలార్‌ అంటూ దారి మార్చుకున్నా బలం కాదు.

నిజంగా బలపడిన చోట నాలుగు గుర్తులు కనిపిస్తాయి. క్షేత్రంలో పనిచేసే మనుషులు ఏళ్ల తరబడి అక్కడే ఉంటారు. లెక్క ఏ ఏడాదీ తెగిపోదు, గూళ్లు తగ్గిన ఏడు కూడా దాచకుండా రాస్తారు. ఒక్క దాత వెళ్లిపోతే కూలిపోకుండా ముగ్గురు నలుగురు ఉంటారు. అన్నిటికన్నా ముఖ్యంగా, సంస్థ పక్కకు తప్పుకున్నా ఊరు ఆ పనిని వదలదు.

ఆఖరి గుర్తు మనకేం కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కడతాయి. ఊరు వాటిని అతిథుల్లా చూసుకుంటుంది. దాదరాలో ఏళ్లపాటు కష్టపడి తెచ్చుకున్న మనసు ఇక్కడ తాతల నాటి నుంచీ ఉంది. దానికి తోడు కావాల్సింది ఏటా పక్కాగా గణన, జారిపడ్డ పిల్లలకు వైద్యం, చెరువుల్లో చేప తగ్గకుండా చూసే మనుషులు. ఊరి ప్రేమ ఉచితంగా దొరికింది కదా అని వీటికీ ఖర్చు లేదనుకోవడం అన్యాయం.

ఇచ్చే చేతులకు ఓ మాట

కంపెనీలు నడిపే తెలుగువారికి: ఒక సంస్థను ఎంచుకుంటే కనీసం మూడేళ్లకు మాటివ్వండి. బడ్జెట్‌లో అకౌంటెంటు జీతాన్ని కొట్టేయకండి. సీజన్‌ పనులకు డబ్బు సీజన్‌కు ముందే పంపండి. పని జరిగే చోటికి ఒకసారి వెళ్లి, నోటుపుస్తకం రాసే మనిషితో తెలుగులో మాట్లాడండి. ఇంగ్లిష్‌ రిపోర్టులో లేనిది అక్కడ తెలుస్తుంది.

విదేశాల్లో ఉన్నవారికి: మీరింకా భారత పాస్‌పోర్టుతోనే ఉంటే, మీ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే విరాళం విదేశీ విరాళం కిందికి రాదు. ఆ దేశ పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళాల అనుమతి ఉన్న సంస్థకే ఇవ్వాలి. ముందే కనుక్కుంటే వాళ్లకు చిక్కులుండవు.

సంస్థలు నడిపేవారికి: లెక్క చెప్పడాన్ని భారంగా అనుకోకండి. ఏటా ఆడిట్‌ నివేదిక, పని నివేదిక తెలుగులో ఊరి ముందు పెట్టండి. ఊరు నమ్మిన సంస్థను దాత నమ్మడం కష్టం కాదు.

చదువుతున్న మీకు: పుట్టినరోజుకు ఒక మొక్క నాటడం మంచిదే. దాంతోపాటు మీ జిల్లాలో పక్షి కోసమో, చెరువు కోసమో, తీరం కోసమో పనిచేస్తున్న ఒక సంస్థ పేరు తెలుసుకోండి. రిజిస్ట్రేషన్‌, ఆడిట్‌ చూడండి. పాత పన్ను విధానంలో ఉంటే విరాళంపై పన్ను రాయితీ ఉందేమో అడగండి. నచ్చితే, ఏడాదికోసారి పెద్ద మొత్తం కన్నా నెలనెలా మూడొందలో అయిదొందలో పంపండి. ‘దీన్ని మీకు ఏది అవసరమో దానికి వాడుకోండి’ అని ఒక్క వాక్యం రాయండి. ఒక కాపలాదారు వచ్చే ఏడు కూడా అదే ఒడ్డున, అదే చెట్టు కింద పనిలో ఉండటానికి ఆ వాక్యమే భరోసా.